మందు మారితే పాఠం మారాలి

నా దగ్గరికి అప్పుడప్పుడు కుర్రవాళ్ళు వస్తుంటారు. కొందరు పురుగుమందుల దుకాణం లైసెన్సు కోసం తిరుగుతున్నవాళ్ళు, కొందరు వ్యవసాయ శాఖలో కొత్తగా చేరినవాళ్ళు. అందరి నోటా ఒకటే మాట.

"ఒక్కపారి సదివి పాసైనం గద సార్, మల్ల మల్ల గీ క్లాసులేంది?"

ఈ మాట వింటే నాకు కుర్చీలో కాలు నిలవదు. లేచి వరండాలో అటూ ఇటూ తిరుగుతాను. ఏదో చెప్పబోతాను, మధ్యలో ఇంకేదో గుర్తొస్తుంది, దాన్ని వదిలి దీన్ని పట్టుకుంటాను. వచ్చినవాళ్ళు గడియారం చూసుకుంటారు. మా ఆవిడ లోపలి నుంచి, "జర కూసోని చెప్పరాదుండ్రి, వాళ్ళ మెడలు నొస్తున్నయి" అంటుంది. అందుకే రాద్దామని కూర్చున్నాను. నోటితో చెప్పలేనిది కాగితం మీదైనా వరస కుదురుతుందేమోనని.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, అందరికీ ఆగినట్టే ఆగాయి. ఈ ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసొచ్చిన ఒక్క వ్యవహారం మాత్రం చెబుతాను.

పురుగుల సారు

పందొమ్మిది వందల అరవైల చివర్లో, డిప్లొమా పట్టుకుని, సస్యరక్షణ సహాయకుడిగా సమితి ఆఫీసులో చేరాను. ఊళ్ళలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. "పురుగుల సారు" అన్నారు. అదే నిలిచిపోయింది.

గోదావరిఖని చుట్టూ అప్పుడు గనులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటున్నాయి. మా వైపు గనిని బాయి అంటాం. పొద్దున బాయి దిగి బొగ్గు తవ్వినవాడే, షిఫ్టు అయ్యాక ఊరికి వచ్చి తన చెలకలో మందు కొట్టేవాడు. ఒంటి మీద చెమట ఆరకుండానే పంపు భుజానికెత్తుకునేవాడు. బాయిలో రెక్కలు, పొలంలో రెక్కలు. ఆ మనిషికి విశ్రాంతి అంటే నిద్ర ఒక్కటే. నేను సైకిలు మీద ఈ ఊరి నుంచి ఆ ఊరికి తిరుగుతూ, ఏ పురుగుకు ఏ మందు, ఎంత నీటికి ఎంత, అని చెప్పాలి.

నా మొదటి పై అధికారి కిషన్‌రావు గారు. మంచి మనిషే. అన్నం పెట్టి పంపేవాడు. కానీ ఆయనకు తెలిసిన మందు ఒకటే: పొడి. వరికి ఏ తెగులొచ్చినా, "పొడి చల్లమను" అనేవాడు. ఒక ఏడు మా దగ్గర ఉల్లికోడు వచ్చింది. వరి మొక్క పిలక వేసే చోట లోపల పురుగు చేరి, ఆకు ఉల్లికాడలా గొట్టమై పోతుంది. పురుగు గొట్టం లోపల ఉంటే పైన చల్లిన పొడి దాన్నేం చేస్తుంది? ఒక రైతు నన్ను మడి గట్టు మీద నిలబెట్టి, గొట్టం చీల్చి చూపించి, "సారూ, మేం పైన పౌడరు రాస్తున్నం, ఇది లోపల నిమ్మలంగ పన్నది" అన్నాడు.

ఆ మాట తీసుకెళ్ళి కిషన్‌రావు గారికి చెప్పాను. జిల్లాలో పునశ్చరణ తరగతులు జరుగుతున్నాయి, వెళ్ళొస్తానన్నాను.

"ఆ క్లాసులా?" అని నవ్వాడాయన. "చాయ తాగి, ఫొటో దిగి వచ్చుడే గదనయ్యా. నేను ట్రైనింగు చేసిన్నాడు చెప్పిన్రు, అదే ఇప్పటికి నడుస్తున్నది."

నడవడం లేదని ఆయనకు తెలియదు. ఇలాంటి మంచివాళ్ళ కింద పనిచేయడం కష్టం. కోపం తెచ్చుకోలేం, ఊరుకోనూలేం. సెలవు పెట్టుకుని నా అంతట నేనే ఆ తరగతులకు వెళ్ళొచ్చాను.

అన్న మళ్ళీ బడికి పోయినాడు

మాది గని కార్మికుల కుటుంబం. మా నాయన బాయిలో పనిచేశాడు, మా అన్న ఇసాకు కూడా అంతే. ఆదివారం చర్చిలో మొదటి వరసలో పాడేది అన్నే. ఒకసారి అన్నకు కాలు విరిగి చాలాకాలం ఇంట్లో ఉండిపోయాడు. కాలు బాగై డ్యూటీకి వెళ్ళిన రోజు, బాయి దిగకుండానే తిరిగొచ్చాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఏమైందన్నా?"

"మల్ల ట్రైనింగుకు పొమ్మన్నరు తమ్మీ. ఇన్నేండ్ల సంది దిగుతున్న బాయి. పైకప్పు ఎట్ల సూడాలె, గాలి ఎట్ల సూడాలె, మల్ల మొదటి నుంచి చెప్తరట. అందరి ముంగట బల్ల మీద కూసోవాలె నేను."

నాలుగు రోజులు పోనిచ్చి అడిగాను, ఎట్లా ఉందని. అన్న బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. తర్వాత అన్నాడు: "నేను లేని దినాలల్ల లోపల మస్తు మారింది తమ్మీ. నాకు ఎరుకున్న బాయి కాదది. ఎరుకే అనుకొని దిగితే సచ్చేటోన్ని."

ఆ మాట నాలో ముల్లులా దిగింది. బాయి దిగేవాడికి మళ్ళీ మళ్ళీ నేర్పాలని ఎవరో అనుకున్నారు. ఏటేటా కొత్త విషం చేతిలోకి వచ్చే రైతుకు, దాన్ని అమ్మే సేటుకు, చెప్పే నాకు, మళ్ళీ నేర్పాలని ఎవరూ అనుకోలేదు.

రంగనాయకులు గారి రూలు

పురుగుమందుల చట్టం అమల్లోకి వచ్చాక దుకాణాలకు లైసెన్సు తప్పనిసరైంది. అదే రోజుల్లో కిషన్‌రావు గారు బదిలీ అయి, రంగనాయకులు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచే మనిషి. వచ్చిన నెలలోనే ఒక రూలు పెట్టారు: లైసెన్సు పొడిగించుకోవాలంటే దుకాణందారు తరగతిలో కూర్చోవాలి. కొత్తగా వచ్చిన మందులేమిటో, వాటి విషం ఒంటికెక్కితే ఏ లక్షణాలు కనబడతాయో నేర్చుకోవాలి. కూర్చోకపోతే ఆయన సంతకం పెట్టరు.

చట్టంలో అలాంటి మాట లేదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఎవరైనా అడిగితే ఏం చెప్తారు సార్?" అన్నాను.

"అడిగేదాకా నడిపిద్దాం. అడిగేలోపు నలుగురైనా నేర్చుకుంటారు," అన్నారు, సైకిలెక్కుతూనే.

మొదటి తరగతి సమితి ఆఫీసు వెనక గదిలో పెట్టాం. బజారులో ఎరువులు, మందులు అమ్మే కిష్టయ్య సేటు ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. ఊళ్ళకు ఎండ్రిన్ కొత్తగా వచ్చినప్పటి నుంచీ అమ్ముతున్నవాడు. రైతులకు ఆయన మాట మా మాట కంటే ఎక్కువ. పంట పోయినవాడి ఇంటికి వెళ్ళి పరామర్శించే సేటు ఆయనొక్కడే.

రంగనాయకులు గారు పారాథియాన్ గురించి మొదలుపెట్టారు. అది మిరపకు, కూరగాయలకు కొట్టడానికి అప్పుడప్పుడే మా వైపు వస్తోంది.

"ఇది ఎండ్రిన్ లాంటిది కాదు," అన్నారు. "ఎండ్రిన్ ఎక్కితే మనిషికి మూర్ఛలొస్తాయి. ఇది ఎక్కితే చెమటలు, చొంగ, వాంతులు, కండరాల వణుకు. కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. దీనికిచ్చే వైద్యం వేరు, దానికిచ్చే వైద్యం వేరు. అందుకే ఒక సీసాలోది ఇంకో సీసాలో పోసి అమ్మకూడదు. డాక్టరుకు పేరు తెలియాలి."

కిష్టయ్య లేచాడు. "సార్, ఒక్క మాట. మా దగ్గరికి వచ్చేటోడు ఇంత చెలకకు ఇంత మందు అంటడు. డబ్బ డబ్బ ఎవడు కొంటడు? పోసియ్యకుంటె ఇంకో దుకాణానికి పోతడు. పురుగును సంపేది విషం. విషం ఏదైతేంది, మనిషి తాగకుంటె అయిపాయె."

"తాగనక్కర్లేదు సేటూ. తోలు నుంచే లోపలికి పోతుంది."

"నా చేతుల మీద ఇన్నేండ్ల సంది పడ్డది. నేను సచ్చిన్నా?"

గదిలో అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే కిష్టయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రంగనాయకులు గారు ఆయన లైసెన్సు పొడిగింపు పక్కన పెట్టారు. అది ఇంకా గడువులోనే ఉంది కాబట్టి దుకాణం మాత్రం నడుస్తూనే ఉంది.

రాజం

గోదావరి ఒడ్డు పల్లెలో రాజం అని ఒక బాయి కార్మికుడు ఉండేవాడు. భార్య పోశవ్వ. గనిలోంచి తోడిపోసే నీళ్ళ కాలువకు మోటారు పెట్టి కొంత మిరప వేశారు. ఆ ఏడు మిరపకు ఆకుముడత పట్టింది. నేను పక్క మడిలో వరి చూస్తుండగా ఒకతను గట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు. రాజం పక్క చెలక ఓదెలు.

"సారూ, జర జల్ది రాండ్రి! రాజం పడిపోయిండు!"

వెళ్ళేసరికి రాజం మోటారు కొట్టం నీడలో వెల్లకిలా ఉన్నాడు. పంపు పక్కకు ఒరిగి కారుతోంది. చొక్కా మందుతో తడిసి ఒంటికి అంటుకుంది. నోటి నుంచి చొంగ ధారగా వస్తోంది. పోశవ్వ చెంబుతో పాలు పట్టుకుని కూర్చుంది.

"ఎండదెబ్బ తాకినట్టున్నది సారూ. షిఫ్టు నుంచి వచ్చి బువ్వ గూడ తినలే. పాలు తాపుతున్న."

"తాపకు పోశవ్వా! నోట్లో ఏం పొయ్యకు. ఏం మందు కొట్టిండు?"

"ఎండ్రిన్."

ఆ మాట నమ్మడానికి లేదు. మా ఊళ్ళలో అప్పటికి ప్రతి పురుగుమందూ ఎండ్రినే. కొత్తవి ఎన్ని వచ్చినా పేరు అదే. సీసా చూపించమన్నాను. ఆముదం సీసా. పైన కాగితం లేదు, పేరు లేదు. అడుగున మందు లేదు.

"ఎవరిచ్చిండ్రు?"

"కిష్టయ్య సేటు. గీ సీసల పోసిచ్చిండు."

రాజం కనురెప్ప ఎత్తి చూశాను. మధ్యాహ్నపు వెలుగు తగ్గి నీడలో ఉన్నాడు. కంటిపాప పెద్దది కావాలి. ఆవగింజంత ఉంది. కాళ్ళ పిక్కల్లో కండ చేప పిల్లలా కొట్టుకుంటోంది. తరగతిలో రంగనాయకులు గారు చెప్పిన ఒక్కొక్క మాటా నా కళ్ళ ముందు పడుకుని ఉంది.

బట్టలన్నీ ఊడదీయించాను. మోటారు వేసి, సబ్బుతో ఒళ్ళంతా కడిగాం. నేను రుద్దుతుంటే పోశవ్వ నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ ఒకసారి తూలి గోడ పట్టుకుంది. భయం వల్ల అనుకున్నాను. ఓదెలును సైకిలెక్కించి బజారుకు పంపాను.

"కిష్టయ్య సేటుకు చెప్పు. రాజంకు పోసిన మందు అసలు డబ్బా ఏదో, అది పట్టుకొని దవాఖానకు రమ్మను. నేను పిలిచిన్నని చెప్పు. ఆలస్యం చేస్తే మనిషి దక్కడని చెప్పు."

నది నుంచి బాయిలకు ఇసుక తోలే లారీ ఒకటి బాట మీద పోతుంటే అడ్డం నిలబడి ఆపాను. తడి ఇసుక మీద రాజాన్ని పడుకోబెట్టి, పక్కన పోశవ్వ, నేను. లారీ ఎగిరినప్పుడల్లా రాజం తల నా తొడ మీద కొట్టుకునేది. దారి పొడుగునా నా ఆలోచన ఒకటే. కిష్టయ్య రాడు. ఎందుకొస్తాడు? ఆ డబ్బా పట్టుకుని రావడమంటే తన నేరం తానే మోసుకు రావడం.

డబ్బా

దవాఖానలో డ్యూటీలో ఉన్నది ఒక డాక్టరమ్మ. రాజాన్ని చూసీ చూడగానే కళ్ళు పరీక్షించింది.

"ఏం మందు?"

"ఎండ్రిన్ అమ్మా," అంది పోశవ్వ.

"కాదనుకుంటున్నానమ్మా," అన్నాను. "ఇవి పారాథియాన్ లక్షణాలు."

ఆమె తల ఊపింది. "నాకూ అలాగే ఉంది. విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెడతాను. కానీ పారాథియానే అయితే ఇది గంటలో అయిపోయే వైద్యం కాదు. ఒకదాని వెంట ఒకటి ఇస్తూనే ఉండాలి. ఇక్కడున్న మందు చాలదు. వేరే దవాఖానల్లో ఉన్నదంతా తెప్పించాలి. రెండు మూడు మందులు కలిపి అమ్మారా? అది తెలియాలి నాకు."

కలిపి అమ్మడం కూడా ఉండేది. ఆమె భయం ఉత్తది కాదు.

ఇంజెక్షను ఇచ్చారు. ఇంకొకటి ఇచ్చారు. రాజం ఛాతీ గురగురలాడుతోంది. నేను గేటు దాకా వెళ్ళడం, రావడం. మళ్ళీ వెళ్ళడం. అంతలో కిష్టయ్య సేటు సైకిలు దిగడం కనబడింది. తువాల కింద ఏదో పట్టుకున్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. నన్ను చూసి ఆగలేదు, నేరుగా డాక్టరమ్మ ముందుకు వెళ్ళి తువాల తీశాడు. పారాథియాన్ డబ్బా. కాగితం చెక్కుచెదరకుండా ఉంది.

"గిదే అమ్మా. ఇంకేం కలపలే. నా బిడ్డల మీద ఒట్టు. గిదే పోసిన."

ఆమె కాగితం చదివి, కాంపౌండరును పిలిచి, ఉన్న మందంతా పట్టుకు రమ్మని మనుషుల్ని తరిమింది.

కిష్టయ్య బయట అరుగు మీద కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను.

"దాచుకుందమనుకున్న సారూ," అన్నాడు నా వైపు చూడకుండా. "అబద్ధమెందుకు. తొవ్వల వాగు కాడ సైకిలు ఆపిన. పారేస్తె ఎవలకు ఎరుక? చేతికి తీసిన గూడ. పోసింది ఈ చెయ్యే గద అనిపిచ్చింది. మల్ల ఎక్కిన."

లోపల ఇంకొక సంగతి జరిగింది. పోశవ్వ మంచం పక్కన నిలబడి ఉండగా డాక్టరమ్మ ఆమె చేతులు చూసింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"మందు కలిపింది నువ్వా?"

"నేనేనమ్మా. ఆయనె కొడ్తడు, నేను కలిపిస్త."

"దేనితో కలిపావు?"

పోశవ్వ చెయ్యి ఎత్తి చూపించింది. మోచేతి దాకా.

ఆమెను కూడా కడిగించి, మంచం ఇచ్చారు. ఇన్నేళ్ళు నేను ఊరూరా చెప్పిన పాఠాలు గుర్తొచ్చాయి. పంపు పట్టుకునేవాడికి చెప్పాం, అమ్మేవాడికి చెప్పాం. మా శాఖలో ఎవరి లెక్కలోనూ కలిపే మనిషి లేదు.

రాజం బతికాడు. కొన్ని దినాలకు ఇంటికొచ్చాడు. బాయిలో మాత్రం చాలాకాలం లోపలికి దింపకుండా నేల మీది పని ఇచ్చారు. చేతుల్లో పట్టు రావడానికి నెలలు పట్టింది. పురుగుమందు దగ్గరికి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

శిక్ష

ఇప్పుడు కిష్టయ్య సంగతి. రంగనాయకులు గారు లైసెన్సు ఆపాలన్నారు.

"ఆపితే, రేపు ఇంకో సేటు డబ్బా వాగులో పారేస్తాడు సార్," అన్నాను. "ఈయన తెచ్చాడు కాబట్టే రాజం బతికాడు."

"ఆపకపోతే, రేపు ఇంకో సేటు ఆముదం సీసాలో పోస్తాడు," అన్నారాయన. "ఈయన పోశాడు కాబట్టే రాజం పడిపోయాడు."

రెండు రోజులు వాదించుకున్నాం. ఆఫీసులో, సైకిళ్ళ మీద, హోటల్లో చాయ చల్లారిపోతుండగా. చివరికి ఆయన నన్ను వెంటబెట్టుకుని బజారుకు వచ్చారు. దుకాణం ముందు జనం చూస్తుండగా చెప్పారు: "సేటూ, ఈ మిరప పంట అయ్యేదాకా నీ దుకాణంలో మందులు అమ్మకూడదు. ఇది పోసి అమ్మినందుకు. డబ్బా తెచ్చినందుకు నా నమస్కారం." అని నిజంగానే రెండు చేతులూ జోడించారు.

కిష్టయ్య మొహం ఎర్రబడింది. "దండాలు నాకెందుకు సార్? పది మందిల నిలబెట్టి చెప్పవట్టిరి. మందుల బీరువకు తాళం ఏసి చెవి తీస్కపోండ్రి," అన్నాడు.

ఎవరు రైటో నాకు ఇవాళ్టికీ తేలలేదు. మీరు ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు, ఇలాంటిది మీకూ ఎదురవుతుంది. శిక్ష వేస్తే నిజం దాక్కుంటుంది, వేయకపోతే తప్పు పెరుగుతుంది. దీనికి పుస్తకంలో జవాబు లేదు. రంగనాయకులు గారు రెండూ ఒకేసారి చెయ్యాలని చూశారు. అంతకంటే మెరుగైన దారి నేనైతే కనిపెట్టలేకపోయాను. కానీ ఆ రోజు కిష్టయ్య మొహం తలచుకుంటే ఇప్పటికీ లేచి వరండాలో తిరుగుతాను.

మిగతా దుకాణాలవాళ్ళు ఊరుకోలేదు. చట్టంలో లేని తరగతులు పెట్టి సతాయిస్తున్నాడని పైకి ఫిర్యాదు చేశారు. కిష్టయ్యను కూడా తమతో కలవమన్నారట. "నా సంగతి నేను చూసుకుంట" అని పంపేశాడని తర్వాత తెలిసింది. రంగనాయకులు గారిని హైదరాబాదులో ఏదో మూల ఆఫీసుకు మార్చారు. వెళ్ళే రోజు స్టేషనులో ఆయన ఒక్కటే అడిగారు: "క్లాసు ఆపుతావా?"

ఏమీ చెప్పకముందే రైలు కదిలింది.

ప్లే డే క్లాసు

కొత్తగా వచ్చిన అధికారి చెడ్డవాడు కాదు. "చట్టంలో లేనిది మన నెత్తికెందుకయ్యా? వచ్చేవాళ్ళొస్తారు, రానివాళ్ళు రారు" అన్నాడు. ఆఫీసు గది ఇవ్వనన్నాడు. ఆయన చెప్పింది రూలు ప్రకారం సరైనదే. అయినా నాకు ఇంట్లో కూర్చుంటే ఊపిరాడేది కాదు. కొత్త పంట కాలం వస్తోంది, కొత్త డబ్బాలు బజారులో దిగుతున్నాయి, వాటి మీద ఉన్నది చదివి చెప్పేవాడు లేడు.

మా చర్చి పెద్దల్ని అడిగి, చర్చి బడి వరండా తీసుకున్నాను. ఆదివారం బాయిలకు సెలవు. మా వైపు దాన్ని ప్లే డే అంటారు. ఆరాధన అయ్యాక క్లాసు అని ఊళ్ళలో చెప్పించాను. దుకాణాలకు నేనే వెళ్ళి చెప్పాను.

ఆదివారం వరండాలో చాపలు పరిచి నిలబడ్డాను. మా అన్న ఒక మూల కూర్చున్నాడు, తమ్ముడి పరువు పోకూడదని. చాలాసేపటికి కిష్టయ్య సేటు వచ్చాడు. పలకరించలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇంకెవరూ రాలేదు. చాపలు చుట్టేద్దామా అనుకుంటుండగా బాట మీద ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. ముందు పోశవ్వ, వెనక ఊళ్ళో ఆడవాళ్ళు.

"మొగోళ్ళు ఏరి?" అన్నాను.

"మొగోళ్ళు కల్లు కాడ ఉన్నరు," అంది పోశవ్వ. "కలిపేది మేము. మాకు చెప్పు."

కర్రతో కలపడం చూపించాను. గాలి వాలు చూసి నిలబడడం, చెయ్యి కడుక్కోకుండా కొంగు ముట్టకపోవడం, మందు కలిపిన బకెటు ఇంట్లోకి తేకపోవడం. కిష్టయ్య వెనక నుంచి ఒకసారి అందుకుని, "డబ్బ మీద కాయితం లేకుంటె నా దగ్గరైనా సరే తీస్కోకుండ్రి" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల వంచుకున్నాడు.

పోశవ్వ చెల్లెలు లచ్చవ్వ ఒళ్ళో పసిబిడ్డ ఉంది. ఆమె అడిగింది: "సారూ, నేను పాలిచ్చేదాన్ని. నేను కలపచ్చునా?"

నేను విన్న తరగతుల్లో ఈ సంగతి రాలేదు. చదివిన దాంట్లో ఎక్కడా లేదు.

"నాకు తెల్వదు లచ్చవ్వా. తెలుసుకొని చెప్త."

"ఎప్పుడు చెప్తవ్? ఎల్లుండి మందు కొట్టాలె మేము."

ఆ సాయంత్రమే రామగుండంలో రైలెక్కాను. పొద్దున్నే రంగనాయకులు గారి ఆఫీసు ముందు నిలబడ్డాను. ఆయన నా మాట విని టేబులు వదిలి లేచారు. ఇద్దరం వ్యవసాయ కళాశాలలో ఆయనకు తెలిసిన శాస్త్రవేత్త దగ్గరికి వెళ్ళాం. ఆయన రెండు పుస్తకాలు తీసి తిరగేశాడు.

"పాలల్లోకి దిగే మందులు ఉన్నాయి. అన్నీ దిగుతాయా, ఎంత దిగుతుంది అంటే నేను చెప్పలేను. ఇంకా చూస్తున్నారు. తెలిసేదాకా కలపనివ్వకండి," అన్నాడు.

బయటికి వచ్చాక రంగనాయకులు గారు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదలు. "క్లాసు ఆపలేదన్నమాట," అన్నారు.

తిరిగొచ్చి నేరుగా లచ్చవ్వ ఇంటికి వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పాను: పెద్ద సార్లకు కూడా పూర్తిగా తెలియదు, అందుకే వద్దన్నారు. ఆమె పెనిమిటి గొణుక్కుంటూనే కర్ర వెతుక్కుని తానే కలుపుకున్నాడు.

మరుసటి ప్లే డేకు వరండా నిండింది. మగవాళ్ళు కొందరు మెట్ల మీద నిలబడ్డారు, కూర్చుంటే పరువు తక్కువన్నట్టు. పోశవ్వ చెయ్యెత్తింది.

"సారూ, మా చెలకకు పారేది బొగ్గు బాయిలకెల్లి తోడిపోసే నీళ్ళు. బట్టలు పిండితె సబ్బు నురుగు గూడ రాదు. గా నీళ్ళల్ల కలిపితె మందు పని చేస్తదా, ఇరిగిపోతదా?"

హైదరాబాదు వాళ్ళు బాయి నీళ్ళు చూసి ఉండరు. ఈ ప్రశ్న పట్టుకుని ఏ రైలెక్కినా లాభం లేదు. కిష్టయ్య వైపు చూశాను. ఆయనా తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెల్వదు పోశవ్వా," అన్నాను. "ఎవ్వలకు తెల్వదు. రెండు మళ్ళు తీసుకుందం. ఒకదానికి నీ బాయి నీళ్ళు, ఒకదానికి మంచినీళ్ళు. పురుగు ఏ మడిల సస్తదో చూద్దం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

కిష్టయ్య అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. పోశవ్వ కొంగు నడుముకు దోపుకుని బాట పట్టింది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మెట్ల మీది మగవాళ్ళు. అన్న చాపలు చుడుతూ, "తమ్మీ, నీ బడి లేచిపోయింది, ఉరుకు!" అని అరిచాడు. నేను సుద్దముక్క జేబులో వేసుకుని వాళ్ళను అందుకోవడానికి పరిగెత్తాను.